ఎడమ చెవి వెనక గాటు

మంగలి సాంబన్న ప్రాణహిత ఒడ్డున ఇసుకలో గోనెసంచి పరిచి పొది విప్పేసరికి, ఆ రోజు గొరిగించుకోవాల్సినవాళ్లు అప్పటికే వరుసగా కూర్చుని ఉన్నారు. బామ్నిలో కనకవ్వ చనిపోయి పదో దినం. ఆమె పాలివాళ్లంతా తలలు, మీసాలు తీయించుకుని ఏట్లో మునగాలి. అవతలి ఒడ్డు చుట్టాలు నావ మీద రావాల్సి ఉంది. నావ ఇంకా రాలేదు.

సాంబన్న కత్తిని సానరాయి మీద నూరాడు. మీసం మొలవని నాటి నుంచి చేస్తున్న పని. ఆ రోజు మాత్రం కత్తి రాయి మీద రెండుసార్లు జారింది. అతని భయానికి కారణం భీమక్క.

భీమక్క కనకవ్వ కూతురు. ముందురోజు పొద్దున సిరోంచలో అతని దుకాణం ముందు ఆగి, చిల్లర వెతుక్కుంటున్నట్టు కొంగుముడి విప్పుతూ చెప్పింది.

"మామా, రేపు మా అన్న వస్తడు. ఆ ఒడ్డు సుట్టాలల్ల కలిసి నావల వస్తడు. గడ్డం బాగ పెంచిండు, నువ్వు గూడ ఆనవాలు పట్టవు. ముందుగాల కూసోడు, నడిమిట్ల కూసుంటడు. తల తీసుకుని, అవ్వకు మూడు దోసిళ్ల నీళ్లు ఇడిసి, అదే నావల పోతడు. నీ చెయ్యి ఆగొద్దు. గంతే."

ఆ ఇంట్లో పుట్టుకకూ చావుకూ సాంబన్న చేతే పడాలి. అతని తండ్రి చేసిన ఇల్లు, తాత చేసిన ఇల్లు. కాదనలేకపోయాడు. తల ఊపాడు.

భీమక్క అన్న పేరు కొండన్న. సిరోంచ తాలూకాలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. బల్లార్షాకు దుంగలు మోసే పనికి పోయి, అక్కడ కరాటే నేర్చుకుని, కరాటే నుంచి కిక్ బాక్సింగ్‌కు మారాడు. నాగ్‌పూర్ పోటీలో గెలిచి కప్పు తెచ్చినప్పుడు ఎడ్లబండి ఎక్కించి డప్పులతో ఊరేగించారు. రెండేళ్ల కింద, అంటే ఎనభై నాలుగు ఎండాకాలంలో, తునికాకు కల్లం దగ్గర కట్ట రేటు మీద తగాదా జరిగింది. గుత్తేదారు మనిషి ఒక ముసలమ్మను జుట్టు పట్టి ఈడ్చాడు. కొండన్న ఎడమ కాలు లేచింది. ఆ మనిషి దవడ విరిగింది. తెల్లారి పోలీసులు వచ్చేసరికి కొండన్న ఊళ్లో లేడు.

అడవిలో అన్నల దళంలో కలిశాడని కొందరన్నారు. అవతలి జిల్లాలో బొగ్గుబాయిలో దిగుతున్నాడని కొందరన్నారు. ఏది నిజమో సాంబన్నకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. కొండన్నకు ఒక పూట అన్నం పెట్టాడని జిమల్‌గట్ట వైపు ఒకాయనను పోలీసులు తీసుకుపోయారని మాత్రం తెలుసు. తిరిగి వచ్చాక ఆయనకు భార్య ముద్దలు కలిపి పెడుతోంది. సాంబన్నకున్నది చేతులే.

దినానికి వచ్చినవాళ్లు ఎండ తగలకుండా తుమ్మచెట్టు కింద చేరారు. కనకవ్వ దినం కాబట్టి మాట కొండన్న మీదికే పోయింది. సిరోంచలో ముగ్గురు కలిస్తే ఎటూ ఆ మాటే.

"ఆ ఎడమ కాలు చూసినోడు మళ్లొకని కాలు చూడడు," అన్నాడు ట్రాక్టర్ నడిపే ఆశన్న. కొండన్న కప్పు తెచ్చినప్పుడు బండి ముందు ఎగిరినవాళ్లలో అతనే మొదటివాడు. "లేసింది కనవడది, దిగింది కనవడది. నడుమ మనిషి పడ్డది ఒక్కటే కనవడ్తది."

"నువ్వు నాగ్‌పూర్ పోయినవా?" అన్నాడు సైకిల్ దుకాణం శంకరన్న. కొండన్నను ఎవరు పొగిడినా అతనికి గిట్టేది కాదు. "పోలె. పేపర్ల చదివి సినిమా చూసినట్టు చెప్తున్నవు. ఆ పూనావాడు చెమట మీద కాలు జారి పడ్డడు. పడేటోని మీద ఈయన కాలు పడ్డది. నసీబ్ గది. దాన్నే మీరు బండెక్కించిన్రు."

"నసీబా? నీ పంక్చర్లు గూడ నసీబే, ఎయ్యంగనే మళ్ల పోతయి."

"జిమల్‌గట్ట మారయ్య పహిల్వాన్ ముందట ఒక్క నిమిషం నిలవనియ్ మీ కొండన్నను. నడుం పట్టి ఎత్తేస్తే కాలేంది, కన్ను గూడ లేవదు."

"గురుజీ, నువ్వు చెప్పు. మొదలు కాలు లేపుడు నేర్పింది నువ్వే అంటివి గదా!" అన్నాడు ఆశన్న.

గోపాల్‌రావు గురుజీ బడిలో కసరత్తు నేర్పే మాస్టరు. కప్పు వచ్చిన ఏడాదంతా ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. వారెంటు వచ్చిన నాటి నుంచి ఎత్తలేదు. ఇప్పుడు టోపీ తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను కవాతు నేర్పిన. వందమందికి నేర్పిన. నాకేం యాది?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక చెట్టు అవతలి నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"నేను చూసిన ఆ నాగ్‌పూర్ పోటీ. భయపడ్డడు మీవాడు. సగంల దిగి పారిపోవాలని చూసిండు."

సాంబన్న తలెత్తాడు. ఆ మనిషిని పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాడు. కలప చూడ్డానికి వచ్చానని చెప్పుకున్నాడు. లుంగీ, బనీను, భుజం మీద తువ్వాలు. ఆ తువ్వాలు ఇప్పుడు జారింది. మెడ వెనక జుట్టు చెవుల దాకా మిషన్‌తో ఎక్కించి, కింద గీత కొట్టి ఉంది. పోలీసు క్యాంపుల్లో వరుసగా నిలబెట్టి కొట్టే కటింగ్. కలప చూసేవాళ్లు అలా కొట్టించుకోరు.

మిగతావాళ్లు మెడ చూడలేదు. మాటే విన్నారు. ఆశన్న లేచి నిలబడ్డాడు.

"భయపడ్డడా? ఎవల్రా భయపడ్డది? మూలకున్న ఇనుప గుంజకు నెత్తి తాకి పలిగింది. కుట్లు పడ్డయి. ఆ కుట్లతోని మళ్ల లోపటికి పోయి కొట్టిండు. నీకు తెలుసా?"

"కుట్లు నేను చూడలేదు," అన్నాడు కొత్త మనిషి.

"ఎట్ల చూస్తవు? జుట్టు కింద ఉంటది. ఆడ ఎంటిక మొలవది."

"నుదుటి మీదనా?"

"నుదురు కాదు, చెవెనుక!" అన్నాడు శంకరన్న. కొండన్న అదృష్టవంతుడని అనొచ్చు కానీ, గాయం ఎక్కడో తప్పుగా చెబితే ఊరుకోలేడు. "ఎవడన్న నుదురంటడా? చూసినోనివి గిదేనా?"

"కుడి చెవా?"

సాంబన్నకు కేక వేయాలనిపించింది. కాళ్లు పట్టుకుని నోళ్లు మూయాలనిపించింది. ఇదేం చాడీ కాదు. డబ్బు తీసుకుని ఎవరూ చెప్పడం లేదు. కొండన్న గురించి తప్పు మాట వినబడితే ఒక్కడూ ఓర్చుకోలేడు, అంతే. సుత్తి కూడా ఎత్తకుండా ఆ మనిషి ఒక్కో మేకు పీకేస్తున్నాడు.

"గా సాంబన్న మామ ఉన్నడు గదా, అడుగు," అన్నాడు ఆశన్న. "కటింగ్ చేసిందే ఆయన. చెప్పు మామా, ఏ దిక్కు?"

అందరూ ఇటు చూశారు. కొత్త మనిషి కూడా చూశాడు.

"కుడి దిక్కు," అన్నాడు సాంబన్న.

"ఏందే! నీ దుకాణంల కూసుండబెట్టి ఎడమ చెవెనుక వేలు పెట్టి చూపిస్తివి గదా! ముసలోనివైనవు, ఇగ మతి గూడ పోయింది."

"ఎడమనా? ఏమో బిడ్డా. మస్తు తలలు చూస్త."

కొత్త మనిషి బీడీ వెలిగించుకుని గోనెసంచికి దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

అప్పుడే నావ వచ్చింది.

దిగినవాళ్లలో గడ్డాలవాళ్లు చాలామంది ఉన్నారు. దినం దాకా ఎవరూ గొరిగించుకోరు కదా. సాంబన్న ఎవరి ముఖమూ చూడలేదు. కనకవ్వ మరిది కొడుకు ఈరయ్య కర్మ చేస్తున్నాడు కాబట్టి మొదట అతని తల తీశాడు. తర్వాత వరుస. ఒక తల వంగుతుంది, నీళ్లతో తడుపుతాడు, నడినెత్తి నుంచి ముందుకు, ఆ తర్వాత వెనక్కి, చివర మీసం. ఇంకో తల.

ఒక తల దగ్గర నీళ్లు తడుపుతుంటే ఎడమ చెవి వెనక వేలికి గీత తగిలింది. ముడి పడ్డ దారంలా.

ఆ మనిషి తల వంచుకునే ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. ఊపిరి సమంగా ఉంది. నీ చెయ్యి ఆగొద్దు, అంది భీమక్క. చెయ్యి ఆగలేదు. ముందుభాగం తీశాడు. కుడివైపు తీశాడు. ఎడమవైపు మిగిలింది. కొత్త మనిషి బీడీ పొగ ఎడమవైపు నుంచే వస్తోంది.

అక్కడ కత్తి పెడితే ఆ గీత బయటపడుతుంది. పెట్టకుండా వదిలితే అందరూ అడుగుతారు. దినం రోజు ఒక వెంట్రుక ఉంచినా తల తీసినట్టు కాదు.

సాంబన్న కత్తి దించాడు. కత్తి తెగింది.

కావాలనే కోశాడో, చెయ్యి వణికి తెగిందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అతనికే తేలలేదు. తెగింది మాత్రం గీత మీదే, గీత పొడవునా. రక్తం చెవి మీదుగా భుజం మీదికి కారింది. కింద ఉన్న మనిషి ఒక్కసారి ఊపిరి బిగబట్టి వదిలాడు.

"గిదేంది మామా!" ఆశన్న అరిచాడు. "తల తియ్యమంటే యాటను కోస్తున్నవా?"

"పదో దినం నాడు నెత్తురు కండ్లజూపెడితివి," అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

"సాంబన్న కత్తికి నెత్తుర్రాదంటిరి?" అన్నాడు శంకరన్న. "ఆయన నసీబ్ గూడ అయిపోయింది."

ఆ మాట నిజమే. తన కత్తికి ఒక్క చుక్క రక్తం రాలేదని సాంబన్న దుకాణంలో చెప్పుకునేవాడు. పసిపిల్లల పుట్టువెంట్రుకలు తీయడానికి చెన్నూరు వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు. సాంబన్న పటిక అద్దాడు. ఒడ్డున పిండాలు వండిన కుండ దగ్గరి బూడిద తెచ్చి అద్దాడు. తన పంచె అంచు చింపి తల చుట్టూ కట్టాడు. మీసం తీశాడు.

"అయిపోయింది. లే," అన్నాడు.

"ఆగు." కొత్త మనిషి లేచాడు. "పటిక పెట్టినంక కట్టెందుకు?"

"ఇసుక పడ్తది, సారూ."

ఆ 'సారూ' ఎందుకన్నాడో సాంబన్నకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. కొత్త మనిషి ఒక్కక్షణం అతని వైపు చూసి, తర్వాత కట్టు కట్టిన మనిషి వైపు తిరిగాడు. పైనుంచి కిందికి చూశాడు. చెట్టు కిందివాళ్లకు వినబడేలా అడిగాడు.

"అవునూ, మీ కొండన్న మీదికి ఎవడన్న చెయ్యెత్తితే ఏం చేస్తుండె?"

"చెయ్యెత్తుడా?" ఆశన్నకు మళ్లీ ఊపు వచ్చింది. "నిద్రల గూడ ఎత్తరాదు. గదవ కిందికి, ఎడమ మోచెయ్యి మీదికి. రెప్ప గూడ ఎయ్యడు. ఆయనకు తెల్వకుండనే లేస్తది ఆ చెయ్యి. గురుజీని అడుగు. ఎన్నడో బడిల బెత్తం ఎత్తితే..."

"ఊకో ఆశన్నా!" అన్నాడు గోపాల్‌రావు గురుజీ. ఆయన కూడా ఆ మిషన్ కటింగ్‌ను అప్పుడే చూశాడు.

ఆ మాట పూర్తి కాకముందే కొత్త మనిషి చెయ్యి తిరిగింది. మాటామంతీ లేదు. అరచెయ్యి బలం కొద్దీ కట్టు కట్టిన మనిషి ముఖం మీదికి వెళ్లింది.

సాంబన్న కళ్లు మూసుకోలేకపోయాడు. అందుకే చూశాడు. ఆ మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాయి. దెబ్బ పడింది. దెబ్బ పడ్డాక చేతులు లేచాయి. రెండూ లేచాయి, ముఖానికి అడ్డంగా, మోచేతులు పక్కలకు పెట్టి, ఈగలు తోలుకునేవాడిలా. కాలు ఇసుకలో మెలిపడి వెల్లకిలా పడ్డాడు.

"అయ్యో సచ్చిన్నే!" అన్నాడు పడ్డ మనిషి. గొంతు కీచుగా ఉంది.

చెట్టు కింద నవ్వులు లేచాయి. అందరికంటే పెద్దగా శంకరన్న నవ్వాడు. కడుపు పట్టుకుని, ఇసుక మీద చెయ్యి కొట్టి నవ్వాడు.

"ఆ ఒడ్డోళ్ల ధైర్యం చూసిన్రా! ఒక్క సెంపదెబ్బకు ఎల్లెల్కల!"

భీమక్క నీళ్ల దగ్గర నుంచి పరుగున వచ్చింది. కళ్లలో భయం ఉంది, నోట్లో మాత్రం కోపమే ఉంది.

"ఎవలయ్యా నువ్వు? మా అవ్వ దినానికొచ్చి మా సుట్టాల మీద చెయ్యి జేసుకుంటవా? ఎవలు పిలిచిన్రు నిన్ను?"

నలుగురు పెద్దమనుషులు లేచారు. ఈరయ్య లేచాడు. కొత్త మనిషి చేతులెత్తి నవ్వాడు.

"మజాక్ చేసిన అక్కా. జర మజాక్."

పడ్డ మనిషి చెంప తడుముకుంటూ లేచాడు. కుంటలేదు, నిటారుగా నిలబడలేదు, వంగి నడిచాడు. ఏట్లో మునిగి, దక్షిణానికి తిరిగి మూడు దోసిళ్లు వదిలాడు. మూడో దోసిలి వదలడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. భీమక్క అతని వైపు చూడలేదు. మునిగినవాళ్లు ఒక్కొక్కరే నావ ఎక్కుతున్నారు. అతనూ ఎక్కి వాళ్ల మధ్య కూర్చున్నాడు. గుండ్లన్నీ ఒకలాగే ఉన్నాయి. కట్టు ఒక్కటే తెల్లగా ఉంది.

కొత్త మనిషి వచ్చి సాంబన్న ముందు గోనెసంచి మీద కూర్చున్నాడు.

"గడ్డం గీయి."

నావ ఇంకా ఒడ్డు వదల్లేదు. సాంబన్న నీళ్లు అద్దాడు, సబ్బు రాశాడు. ఆ మనిషి గదవ ఎత్తి గొంతు చూపించాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కత్తి కుడి చెంప మీద పెట్టాడు. గొరిగాడు. గొంతు మీదికి దించాడు. గొరిగాడు. చెయ్యి మాట వింటోంది. ఇంత భయంలోనూ చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. కత్తి వెళ్లినచోట చర్మం నున్నగా వస్తోంది.

సగం గొరిగాక అర్థమైంది. ఈ మనిషికి గడ్డం లేదు. పొద్దున్నే గీసుకుని వచ్చాడు. అతను చూస్తున్నది సాంబన్న చెయ్యిని. ఒక్క గాటు లేకుండా గొరిగితే, ఇందాకటి గాటు వణుకు వల్ల పడింది కాదని తేలిపోతుంది.

కోయాలి. క్యాంపు మనిషి గొంతు కోయాలి.

నావ నడిపే జంగు గడతో నావను నెట్టాడు. నీళ్లు లోతులేని చోట గడ ఇసుకలో దిగి లేస్తోంది. నావ చాలా మెల్లగా పోతోంది. సాంబన్న ఎడమ చెంప మీదికి వచ్చాడు. పనిని ఎంత సాగదీయొచ్చో అంత సాగదీశాడు. కత్తిని తోలు మీద రుద్దాడు. మళ్లీ సబ్బు రాశాడు. చెట్టు కింద మాటలు మళ్లీ మొదలయ్యాయి.

"ఏమన్నను, ఆ ఎడమ కాలంటే ఎడమ కాలే," అంటున్నాడు ఆశన్న.

"కాలు సంగతి ఇడిసిపెట్టు," అన్నాడు శంకరన్న. అతని చూపు నావ మీద ఉంది. "కాలు అందరికి లేస్తది. చెయ్యి లేవకుండ ఆపుకునుడు అంటే, గది..."

ఆగిపోయాడు. సాంబన్న కత్తి గొంతు మీద ఆగింది. కొత్త మనిషి కళ్లు పక్కకు తిరిగాయి.

"గది ఏందే?" అన్నాడు ఆశన్న.

"గది ఇయ్యాల సాంబన్న కింద తల పెట్టినోళ్లది. ఎవడన్న చెయ్యి లేపి కొట్టిండా ఆయనను? అందరు ఓపికమంతులే."

నవ్వారు. గోపాల్‌రావు గురుజీ కూడా నవ్వాడు, ఆలస్యంగా. నావ నడిధారకు చేరింది. ధార అవతల ఇంకో రాష్ట్రం. ఇక్కడి వారెంటు అక్కడికి చేరాలంటే చాలా బల్లలు దాటాలి.

సాంబన్న కత్తి మూలను దవడ కింద నొక్కాడు. చిన్న గాటు. రక్తం బొట్టుగా నిలిచి, తర్వాత కిందికి జారింది.

"తప్పయింది సారూ. చెయ్యి వణుకుతుంది. పెద్దోన్నైన."

కొత్త మనిషి వేలితో తుడుచుకున్నాడు. వేలిని చూశాడు. నావను చూశాడు. చివరికి సాంబన్నను చూశాడు.

"ఎప్పుడన్న కొండన్న వస్తే గుర్తు పడతవా?"

"వస్తే పడ్త సారూ. రెండేండ్లాయె."

"నీ దుకాణం రోజూ తెరుస్తవా?"

"తెరుస్త."

"గడ్డం మళ్ల పెరుగుతది. వస్త," అన్నాడు. పటిక అడగలేదు. తువ్వాలు దవడకు నొక్కుకుని ఒడ్డెక్కి సిరోంచ రోడ్డు వైపు నడిచాడు.

నావ అవతలి ఇసుకకు తగిలింది. తెల్ల కట్టు మిగతా గుండ్లతో పాటు ఒడ్డెక్కి తుప్పల వెనక్కి పోయింది. అప్పుడు సాంబన్న చేతులు నిజంగా వణికాయి. కత్తి నీళ్ల గిన్నెలో పడేస్తే గిన్నె మోగింది.

వరుసలో ఇంకా ముగ్గురున్నారు. ఒకరూ ముందుకు రాలేదు. ఒకడు నెత్తి తడుముకున్నాడు. "జర ఆగుత. ముందుగాల వేరేటోళ్లను కానియ్," అన్నాడు.

"ఇగ నీ దగ్గరికి ఎవడస్తడు మామా?" అన్నాడు ఆశన్న. వెక్కిరింపు లేదు, నిజంగానే బాధపడుతున్నాడు. "మా బిడ్డ పుట్టెంటికలు నీతోనే తీయిద్దామనుకుంటి."

శంకరన్న లేచి వచ్చాడు. అతను పాలివాడు కాదు, తల తీయించుకోవాల్సిన పని లేదు. గోనెసంచి మీద కూర్చుని గడ్డం చూపించాడు.

"గీయి. నేనేం ఆశన్న లెక్క పిరికోన్ని కాదు."

సాంబన్న నీళ్లు అద్దాడు. శంకరన్న ముఖం ఎత్తి ఏటి వైపు చూస్తూ, పెదవులు కదలనట్టే అన్నాడు.

"పూనావాడు చెమట మీద జారలె. నాకు మొదట్నుంచి ఎరుకే. ఎడమ చెవి కాడ జర పైలంగ గీయి మామా."

పొద్దున ఈ ఒడ్డున ఆ సంగతి తెలిసింది భీమక్కకూ సాంబన్నకూ మాత్రమే. ఇప్పుడు సైకిల్ దుకాణం శంకరన్నకు కూడా తెలుసు. శంకరన్న దుకాణం సిరోంచ బస్టాండు ఎదురుగా ఉంటుంది. పొద్దస్తమానం అక్కడ పదిమంది కూర్చుని కొండన్న గురించే వాదిస్తారు. అతను నోరు మూసుకోగలడా? ఎవరైనా వచ్చి కొండన్న కుడి కాలివాడు అంటే ఊరుకోగలడా?

సాంబన్న కత్తి తీసి అతని చెంప మీద పెట్టాడు. చెయ్యి వణుకుతూనే ఉంది.